రేల చెట్టా, వట్టివేరు గడ్డా: ఇంటి ముందు జాగాలో ఏది, ఎక్కడ, ఎలా

రేల పూసేది నడి ఎండాకాలంలో. ఏప్రిల్ నడిమి నుంచి మొదటి వానల దాకా, వరంగల్ చుట్టుపక్కల మిగతా చెట్లన్నీ వడలిపోయి ఉన్న రోజుల్లో, దీని కొమ్మలకు మూరెడు పొడుగు పసుపు గుత్తులు వేలాడతాయి. ఇల్లు కట్టుకున్నవాళ్లు మొదట అడిగే పూల చెట్లలో ఇది ఒకటి. ఈమధ్య నర్సరీల్లో ఇంకో మోజు కూడా మొదలైంది: వట్టివేరు, నిమ్మగడ్డి, ఊదా రంగు ఫౌంటెన్ గ్రాస్ లాంటి అలంకరణ గడ్డి రకాలు. చెట్టు కోసం ఐదారేళ్లు ఆగాలి, గడ్డి ఏడాదిలోనే నిండుగా కనిపిస్తుంది. ఏది కొనాలో తేల్చుకునే ముందు టేపు పట్టుకుని జాగా కొలవండి. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

రేల బాగా ఎదిగితే 25 నుంచి 35 అడుగుల ఎత్తు లేస్తుంది, కొమ్మలు 20 అడుగుల మేర విస్తరిస్తాయి. మొదలు నుంచి ఇంటి గోడకు కనీసం 12 అడుగులు, ప్రహరీకి 6 అడుగులు, సెప్టిక్ ట్యాంకుకూ నీళ్ల సంపుకూ 15 అడుగులు ఎడం ఉంచండి. పైన కరెంటు తీగ పోతుంటే ఆ చోటు వదిలేయాల్సిందే. వానలకు ముందు తీగల కింద కొమ్మలు కొట్టే పని సరిగ్గా రేల పూత మీద ఉన్నప్పుడే జరుగుతుంది. ఏడాదంతా ఎదురుచూసిన పూత రోడ్డు పాలవుతుంది, చెట్టు ఒక పక్కకు ఒరిగి పెరుగుతుంది.

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ కొత్త కాలనీల్లో 200 గజాల ప్లాటులో ఇల్లు కడితే ముందు మిగిలేది ఐదారు అడుగులు. అక్కడ రేల పెట్టకండి. పెట్టి, పదేళ్లకు మొదలంటా కొట్టేయడం కన్నా ముందే గడ్డి పెట్టుకోవడం మేలు. పువ్వు కావాల్సిందే అనుకుంటే తంగేడు పెట్టండి. మన రాష్ట్ర పుష్పం కదా, ఐదారు అడుగుల పొద, చెల్క నేలలో నీళ్లు పెద్దగా అడగదు, బతుకమ్మ నాటికి పూలతో నిండి ఉంటుంది.

నీడ కోసమే చెట్టు కావాలంటే కూడా రేల సరైనది కాదు. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి, పూత నిండుగా ఉన్నప్పుడు కొత్త ఇగురు వేస్తుంది. అంటే ఎండలు ముదిరే వేళకు దాని నీడ పలచగా ఉంటుంది. పడమటి ఎండ ఇంటి గోడకు తగలకుండా ఆపాలంటే కానుగ లేదా వేప పెట్టండి. రేలను పువ్వు కోసం పెట్టుకోవాలి, రోజూ కంటికి కనిపించే చోట పెట్టాలి.

నేల చూసి గుంత

ఎర్ర చెల్కలో నీళ్లు తొందరగా ఇంకిపోతాయి, రెండు మూడు అడుగుల కింద గట్టి మొరం తగులుతుంది. నల్లరేగడిలో వానకాలం నీళ్లు నిలుస్తాయి, ఎండాకాలం నెర్రెలు బారి వేర్లు తెగుతాయి. రేల రెండు నేలల్లోనూ బతుకుతుంది గానీ వేర్ల దగ్గర నీళ్లు నిలిస్తే మాత్రం తట్టుకోలేదు. ఆకు పసుపుబారి, కొసల నుంచి ఎండుతూ వచ్చి, రెండో వానకాలంలో పోతుంది.

మే నెలలోనే గుంత తవ్వించండి. రెండున్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు చాలు. తవ్వేటప్పుడు పై అడుగు మట్టి ఒక పక్క, కింది మట్టి ఇంకో పక్క వేయించండి. అడుగున మొరం తగిలితే గడ్డపారతో పది, పన్నెండు చోట్ల పగలగొట్టించండి. ఈ పని వదిలేస్తే గుంత తొట్టిలా నీళ్లు పట్టి ఉంచుతుంది, తల్లివేరు కిందికి దిగలేక పక్కకు తిరుగుతుంది. అలాంటి చెట్టు పెద్దయ్యాక ఈదురుగాలికి వేర్లతో సహా లేస్తుంది.

రెండు, మూడు వారాలు ఎండనిచ్చాక, రోహిణి కార్తె పోయేలోపు నింపండి. పై మట్టికి బాగా మాగిన పెంట ఎరువు 20 కిలోలు, వేప పిండి కిలో, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 200 గ్రాములు కలిపితే సరిపోతుంది. చెల్క నేలైతే మట్టిలో నాలుగో వంతు చెరువు పూడిక మట్టి కలపండి, అంతకు మించితే గట్టిపడుతుంది. రేగడి నేలైతే గుంతను నేల మట్టానికి ఆపకుండా నాలుగడుగుల వెడల్పున అడుగు ఎత్తు దిబ్బ పోసి, దాని మీద నాటండి. పచ్చి పెంట వేయొద్దు. చెల్కలో చెదలు ముందు దాన్ని పట్టుకుని, అది అయిపోగానే లేత వేరుకు ఎక్కుతాయి.

ఇల్లు కట్టిన చోట ఇంకో చిక్కు ఉంది. సిమెంటు పెచ్చులు, సున్నం, ఇటుక ముక్కలు పూడ్చేసి పైన ఎర్రమట్టి పరుస్తారు. అలాంటి నేలలో లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి, మధ్యలో పసుపుబారుతాయి. అది ఇనుప ధాతువు లోపం, నీళ్లు ఎక్కువ పోసినా తగ్గదు. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) గ్రాము కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా కొట్టండి, పది రోజులకు మళ్లీ ఒకసారి. ఇది తాత్కాలికమే. గుంతలోని చెత్త మొత్తం తీయించి కొత్త మట్టి నింపడమే అసలు మందు, అందుకే నాటకముందే చూసుకోవాలి.

మొక్క ఎంచడం, నాటడం

నర్సరీలో పొడుగ్గా ఉన్న మొక్క చూసి మోసపోవద్దు. చిన్న సంచిలో రెండేళ్లు ఉండిపోయిన ఆరడుగుల మొక్క కన్నా తగిన సంచిలో ఉన్న మూడు, నాలుగు అడుగుల మొక్క తొందరగా అందుకుంటుంది. సంచి అడుగు చూడండి. వేరు సంచి చీల్చుకుని నేలలోకి దిగి ఉంటే దాన్ని లాగినప్పుడే తల్లివేరు తెగి ఉంటుంది. సంచి పక్కలు వేళ్లతో నొక్కితే మట్టి కొంచెం లోపలికి పోవాలి. రాయిలా ఉంటే లోపల వేర్లు చుట్టలు తిరిగి ఉన్నట్టు. కాండం మీద గోటితో కొద్దిగా గీరితే కింద పచ్చగా, తడిగా కనిపించాలి. మొదలు దగ్గర బొటనవేలంత మందం ఉండి, కర్ర సాయం లేకుండా నిలబడే మొక్క తీసుకోండి.

మొక్క దొరక్కపోతే గింజతో చేయడం కష్టమేమీ కాదు. అడుగు నుంచి రెండడుగుల పొడుగున్న నల్ల కాయలు చెట్టుకే వేలాడుతుంటాయి. కాయ పగలగొడితే లోపల అడ్డ గోడల మధ్య ఒక్కో అరలో ఒక్కో గింజ ఉంటుంది. గింజ పై పొర చాలా గట్టిది, ఊరికే నాటితే నెలలు గడిచినా మొలవకపోవచ్చు. గరుకు కాగితం మీద ఒక అంచున రుద్ది, లోపలి లేత రంగు కనిపించగానే ఆపి, 24 గంటలు నీళ్లలో వేయండి. ఉబ్బినవి నాటండి, ఉబ్బనివి మళ్లీ రుద్దండి. అర అంగుళం లోతున నాటితే ఒకటి నుంచి మూడు వారాల్లో మొలకొస్తుంది.

నాటే అదను మృగశిర, ఆరుద్ర కార్తెలు. మొదటి చినుకుకే తొందరపడొద్దు, గుంతలో అడుగు లోతు తడి దిగాక నాటండి. సంచి పూర్తిగా కోసి తీసేయాలి. కూలివాళ్లు తొందరలో సంచి అడుగు మాత్రమే కోసి పెట్టేస్తారు, పక్కనుండి చూసుకోండి. వేర్లు చుట్టలుగా ఉంటే బ్లేడుతో మట్టి ముద్ద చుట్టూ మూడు చోట్ల నిలువుగా గీత పెట్టండి. సంచిలో మట్టి ఏ మట్టంలో ఉందో నేలలోనూ అదే మట్టం ఉండాలి. కాండం చుట్టూ రెండంగుళాలు అదనంగా మట్టి ఎగదోస్తే బెరడు మెత్తబడి కుళ్లుతుంది.

కర్ర పాతి, గుడ్డ పీలికతో వదులుగా ఎనిమిది ఆకారంలో కట్టండి. సుతిలి తాడు బిగిస్తే ఏడాది తిరిగేసరికి కాండంలోకి దిగిపోతుంది. ఇక కోతులు. ఉత్తర తెలంగాణలో కోతుల సంగతి తెలియని ఊరు లేదు. అవి ఆకు తినకపోయినా కొస ఇగురు విరుస్తాయి, మొక్కను ఊపి పడేస్తాయి. ఆరడుగుల ఇనుప జాలీ ట్రీగార్డు పెట్టి, పై అంచుకు తుమ్మ కంప గానీ రేగు కంప గానీ చుట్టండి. మొక్క ఎనిమిది అడుగులు దాటే దాకా ఆ కంప ఏటా మార్చాలి.

నీళ్లు, ఎరువు, పూత

మొదటి ఎండాకాలం గట్టెక్కితే రేల దాదాపు మీదే. ఫిబ్రవరి ఆఖరు నుంచి నాలుగు రోజులకోసారి 20 లీటర్లు నెమ్మదిగా పోయండి. పైపు పెట్టి ఒక్కసారిగా గుమ్మరిస్తే చెల్కలో పైపైనే పక్కలకు పారిపోతుంది. పది లీటర్ల మట్టికుండకు అడుగున సన్నని బెజ్జం చేసి, గుడ్డ వత్తి దూర్చి, మొక్కకు అడుగు దూరంలో మెడ దాకా పాతితే నీళ్లు వేరు దగ్గరికే చేరతాయి, రోజు విడిచి రోజు కుండ నింపితే చాలు. కుండ మీద మూత పెట్టండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. రెండో ఎండాకాలం వారానికోసారి 40 లీటర్లు. మూడో ఏడు పదిహేను రోజులకోసారి. పాదులో వరిగడ్డి మూడంగుళాల మందాన పరచండి గానీ కాండానికి నాలుగంగుళాలు ఎడంగా ఉంచండి, చెదలు గడ్డి మీదుగా బెరడుకు ఎక్కకుండా.

రేల చిక్కుడు కుటుంబపు చెట్టే అయినా దీని వేర్లకు గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే బుడిపెలు రావు. ఎరువు మనమే వేయాలి. ఏటా జూన్‌లో పది కిలోల పెంట ఎరువు, అర కిలో వేప పిండి చాలు. యూరియా వేస్తే ఆకు విపరీతంగా వచ్చి పూత వెనక్కి పోతుంది.

విత్తనం మొక్క ఐదేళ్లకు ముందు పూస్తుందని ఆశ పెట్టుకోవద్దు, ఎనిమిదేళ్లు పట్టినా జబ్బు కాదు. ఎదిగిన చెట్టు పూయడం లేదంటే మూడు కారణాలు చూడండి. ఒకటి, పక్కనే లాన్ ఉండి చలికాలమంతా తడి అందడం. రేలకు జనవరి నుంచి మార్చి దాకా ఎండబెట్టు కావాలి, ఆకు రాలితేనే పూత గట్టిగా వస్తుంది. రెండు, రోజుకు ఆరు గంటల ఎండ లేకపోవడం. మూడు, కత్తిరింపు కాలం తప్పడం. కిందటేడు ఎదిగిన కొమ్మల మీదే పూగుత్తులు దిగుతాయి కాబట్టి డిసెంబర్‌లో కొమ్మలు కొడితే రాబోయే పూతనే కొట్టేసినట్టు. పూత అయిపోగానే, జూన్ ఆఖరులో, ఎండు కొమ్మలూ ఒకదానికొకటి రాసుకునేవీ సికేచర్ కత్తెరతో తీసేయండి.

వానకాలంలో పచ్చ గొంగళి పురుగులు ఆకు తింటాయి. లేత పసుపు సీతాకోకచిలుకలు చెట్టు చుట్టూ తిరుగుతుంటే గుడ్లు పెట్టినట్టే. పెద్ద చెట్టుకు ఏమీ కొట్టొద్దు, ఆకు పోయినా మళ్లీ ఇగురిస్తుంది. ఐదడుగుల లోపు మొక్కకైతే చేత్తో ఏరండి, లేదా లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టండి.

కాయ గుజ్జు తియ్యగా ఉంటుంది, తింటే విరేచనాలవుతాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో రాలిన కాయలు ఎప్పటికప్పుడు ఎత్తేయండి.

గడ్డి ఎంచుకుంటే

మూడు రకాల్లో మా ఓటు వట్టివేరుకే. నాలుగైదు అడుగుల ఎత్తున కారంజిలా వంగే ఆకు, వానకాలం చివర ఊదా రంగు కంకులు, మూడు మీటర్లకు పైగా నిలువుగా దిగే వేరు. పక్కలకు పాకదు కాబట్టి ప్రహరీ పునాదికి రెండడుగుల దగ్గరలో పెట్టినా భయం లేదు. దక్షిణాదిన సాగు చేసే రకం మొలకెత్తే గింజ కట్టదు, పెట్టిన చోటే ఉంటుంది. వాలుగా ఉన్న జాగాలో మట్టి కోసుకుపోకుండా ఆపడంలో దీన్ని మించిన గడ్డి లేదు.

నిమ్మగడ్డి మూడడుగుల కుదురు, వంటింటికీ పనికొస్తుంది, తడి కొంచెం ఎక్కువ కావాలి, మూడు నాలుగేళ్లకు నడుమ ఎండిపోతుంది. తవ్వి, విడదీసి మళ్లీ నాటాలి. మొక్క పెడితే దోమలు రావని అమ్మేవాళ్లు చెప్తారు. నిలబడి ఉన్న మొక్క దోమల్ని ఆపదు, ఆ మాట నమ్మి కొనకండి. ఊదా ఫౌంటెన్ గ్రాస్ చూడ్డానికి అన్నిటికన్నా అందం, మెత్తటి ఎర్ర కంకులు వానకాలం నుంచి చలికాలం దాకా ఉంటాయి. పూర్తి ఎండ తగలకపోతే రంగు పోయి పచ్చబడుతుంది. పచ్చ ఆకుల ఫౌంటెన్ గ్రాస్ మాత్రం వద్దు. గింజలు గాలికి ఎగిరి పొలాల్లో కలుపు అవుతుంది, చాలా దేశాల్లో దాన్ని వదిలించుకోలేక అవస్థ పడుతున్నారు. చెరువు గట్ల మీది రెల్లు తెల్లగా పూసి అందంగా ఉంటుందని తెచ్చి పెట్టడం కూడా అంతే, దుంప వేరు ఒకసారి నేలలో పాకిందంటే తీయడం కూలి పనితో తేలదు.

వట్టివేరు నాటడానికి పాత కుదురు ఒకటి దొరికితే చాలు. ఆకు ఎనిమిది అంగుళాలకు కోసి, గడ్డపారతో అడుగు లోతున చుట్టూ లేపండి. కుదురును నేలకేసి కొట్టి మట్టి రాల్చి, చేతులతో విడదీయండి. కత్తితో అడ్డంగా కోస్తే పిలక మొదళ్లు చిట్లుతాయి. ఒక్కో ముక్కలో రెండు మూడు పిలకలు ఉండాలి. మొదలు నొక్కి చూడండి: గట్టిగా, తెల్లగా ఉంటే నాటొచ్చు, గోధుమ రంగు తిరిగి మెత్తగా ఉంటే పారేయండి. వేర్లు మూడంగుళాలకు కత్తిరించి, తడి గోనెసంచిలో చుట్టి నీడన ఉంచండి, రెండు రోజుల్లోపు నాటేయండి. ఎండకు అరగంట వదిలేసిన నారులో సగం పట్టదు.

కంచెలా వరసగా కావాలంటే ఆరంగుళాలకో ముక్క, విడి విడి కుదుళ్లుగా కనిపించాలంటే రెండడుగులకో ముక్క. ఒక్కో గుంతకు గుప్పెడు పెంట ఎరువు, మొదలు మట్టిలోకి రెండంగుళాలు, చుట్టూ మట్టి కాలితో తొక్కి గట్టి చేయండి. వదులుగా నాటితే కోతులు ఆటకు పీకేస్తాయి, వేరు పట్టాక వాటి వల్ల కాదు. మొదటి రెండు నెలలు వాన లేని వారంలో రెండు తడులివ్వండి. మరుసటి ఎండాకాలం నుంచి నీళ్లు పోయకపోయినా బతుకుతుంది, కానీ ఎండిన రంగులో ఉంటుంది. పచ్చగా కనిపించాలంటే వారానికో తడి తప్పదు.

ఏటా ఒకసారి కోయాలి. డ్రిప్పు ఉంటే శివరాత్రి తర్వాత, లేకపోతే జూన్ మొదటి వారంలో. నీళ్లు లేకుండా మార్చిలోనే కోస్తే కుదురు నడుము నేరుగా ఎండకు కాలి మధ్యలో బట్టతల పడుతుంది, పాత ఆకు ఉంటే అదే నీడ. నూరిన కొడవలితో వట్టివేరు అడుగు ఎత్తుకు, నిమ్మగడ్డి, ఫౌంటెన్ గ్రాస్ ఆరంగుళాలకు కోయండి. ఆకు అంచులు చేతులు కోస్తాయి, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఎండుగడ్డికి నిప్పు పెట్టి శుభ్రం చేయడం వద్దు. డ్రిప్పు పైపులు కరిగిపోతాయి, పక్కింటి పందిరికి అంటుకునే ప్రమాదం ఉంది.

గడ్డి పెడితే పాములొస్తాయన్న భయం ఊరికే పుట్టలేదు. ఒత్తుగా ఎండిపోయిన కుదుళ్ల కింద ఎలుకలు, పందికొక్కులు బొరియలు చేస్తాయి, వాటి కోసం పాము వస్తుంది. వాకిలికి ఐదడుగుల లోపు పెట్టొద్దు. కుదుళ్ల అడుగున అడుగు ఎత్తు దాకా ఎండాకు ఎప్పటికప్పుడు దులిపేస్తే కింద నేల కనిపిస్తుంది, ఎలుక అక్కడ కాపురం పెట్టదు.

రెండూ కలిపి పెట్టే పద్ధతి

400 గజాలు, ఆపైన జాగా ఉన్నవాళ్లకు మేము చెప్పేది ఇదే: మొదటి వానకాలమే రేల నాటండి, అదే వారంలో దాని దక్షిణం వైపు వట్టివేరు పెట్టండి. చెట్టు ఎదిగే ఐదారేళ్లూ ముంగిలి బోసిగా ఉండదు. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా తప్ప మధ్యాహ్నపు సూర్యుడు మనకు దక్షిణానే ఉంటాడు, చెట్టు నీడ ఉత్తరానికి పడుతుంది. అందుకే ఉత్తరం వైపు పెట్టిన గడ్డి ముందు పలచబడుతుంది, దక్షిణం వైపుది ఎక్కువ కాలం నిలుస్తుంది. రేల మొదలుకు నాలుగడుగుల లోపు మాత్రం ఏ గడ్డీ వద్దు. మొదటి రెండేళ్లు పాదులో పోసిన నీళ్లు గడ్డి వేర్లే తాగేస్తాయి, చెట్టు ఎదుగుదల ఆగిపోతుంది.

రేల పూతకొచ్చాక ఈ జంటకు నీళ్ల దగ్గర పేచీ వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా చెట్టుకు ఎండబెట్టు కావాలి, గడ్డి పచ్చగా ఉండాలంటే తడి కావాలి. అప్పుడు డ్రిప్పు లైను చెట్టు వైపు మూసేసి, ఎనిమిది అడుగుల అవతలి కుదుళ్లకే నీళ్లు వదలండి. దగ్గరి కుదుళ్లు ఆ మూడు నెలలూ ఎండిన రంగులోనే ఉండనివ్వండి. ఆరో ఏడో ఏటికి కొమ్మల కిందికొచ్చిన కుదుళ్లు సాగిలబడి, కంకి వేయడం మానేస్తాయి. వాటిని జూలైలో తవ్వి, ముక్కలు చేసి, ప్రహరీ వెంట ఎండ తగిలే చోటికి మార్చండి. తవ్వేటప్పుడు గడ్డపార చెట్టు వైపు కాకుండా బయటి వైపు నుంచి దించండి. బొటనవేలి కన్నా లావైన రేల వేరు తగిలితే అక్కడితో ఆపి, ఆ కుదురును నేల మట్టానికి కోసి వదిలేయండి. నీడలో అదే పోతుంది.